రెండు మార్కుల ప్రశ్న

ముప్పై ఏడో ప్రశ్న దగ్గర మెట్లకొల మళ్ళీ ఎర్రబడింది.

“మొదటి మెట్టు. గుర్తు,” అంది యంత్రం, ఎవరినీ నొప్పించని గొంతుతో. “ఈ ప్రశ్నను తొలగించండి. లేదా కనీసం మూడో మెట్టుకు పెంచండి.”

సలోమి కళ్ళజోడు సర్దుకుని ప్రశ్నను మరోసారి చదివింది. ‘అప్పుడే పుట్టిన బిడ్డ నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటుంది?’ అంతే. రాసిన లెక్చరరు ఉద్యోగంలో కొత్తవాడైనా అయ్యుండాలి, రేపో మాపో రిటైరయ్యేవాడైనా అయ్యుండాలి. ఇప్పుడు ఇలాంటివి ఎవరూ అడగరు. ప్రతి నర్సు చెవిలోనూ బియ్యపుగింజంత గుర్తుపూస ఉంటుంది. మోతాదులు, మందుల పేర్లు, ఏ వయసులో నాడి ఎంత కొట్టుకోవాలన్న లెక్కలు, అన్నీ అడిగీ అడగకముందే అది చెవిలో చెప్పేస్తుంది. చెప్పడానికి పూస ఉండగా మనిషి గుర్తుపెట్టుకోవడం ఎందుకు? గుర్తుపెట్టుకోనక్కర్లేనిది పరీక్షలో అడగడం ఎందుకు?

ఎదురు కుర్చీలో ఉన్న కౌశిక్ అప్పటికే కొత్త ప్రశ్న అల్లేస్తున్నాడు. ముప్పై ఏళ్ళ లెక్చరరు, చురుకైనవాడు.

“ఇలా మారుద్దామా మేడం? ‘నిమిషానికి డెబ్బైసార్లు ఊపిరి తీస్తున్న బిడ్డని నీ చేతికిచ్చారు. తల్లి ఇంటికి వెళ్ళిపోతానని పట్టుబడుతోంది. ముందు ఏ పని చేస్తావు, ఎందుకు చేస్తావు?’”

మెట్లకొల పచ్చగా వెలిగింది. “ఐదో మెట్టు. తూకం. అంగీకారం.”

ఇద్దరూ బొటనవేళ్ళు నొక్కారు. ముప్పై ఎనిమిదో ప్రశ్న తెర మీదికొచ్చింది.

రాజమండ్రిలో గోదావరి గట్టు పక్కనున్న పరీక్షాభవనంలో, మూడో అంతస్తులో ఉంది ఆ గది. రాష్ట్రంలోని నర్సింగ్ ప్రశ్నపత్రాలన్నీ అచ్చుకి వెళ్ళేముందు ఇక్కడికొస్తాయి. మెట్లు ఆరు: గుర్తు, అర్థం, వాడకం, విడదీత, తూకం, సృష్టి. జవాబు చెప్పడానికి విద్యార్థి బుర్ర ఎన్ని మెట్లెక్కాలో మెట్లకొల తేలుస్తుంది. అన్నిటికన్నా పైది సృష్టి, అంటే తెలిసిన ముక్కల్లోంచి అంతవరకూ లేనిదాన్ని కట్టడం. అన్నిటికన్నా కిందిది గుర్తు, అంటే విన్నదాన్ని విన్నట్టు చెప్పడం. కింది రెండు మెట్ల ప్రశ్నలు పరీక్షల్లో ఉండకూడదని చట్టం వచ్చి తొమ్మిదేళ్ళయింది. యంత్రం తేల్చిన ప్రతి ప్రశ్నకీ ఇద్దరు మనుషులు ఒప్పుదల ఇవ్వాలి. వాళ్ళని మెట్టు సాక్షులంటారు. ఉదయం తొమ్మిదికి తలుపు మూస్తే సాయంత్రం నాలుగుకి తీస్తారు. ఈలోగా సాక్షుల్లో ఎవరు బయటికెళ్ళినా ఆ పత్రం రద్దు. ముద్ర పడకముందే సాక్షి లేచి వెళ్తే ప్రశ్నలు మారలేదన్న హామీ ఉండదు కదా. కొత్త పత్రం తయారవడానికి మూడు నెలలు పడుతుంది.

సలోమికి ఈ యంత్రం మీద కోపం లేదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో చాలామంది పాతకాలాన్ని తలుచుకుని నిట్టూరుస్తారు గానీ, ఆవిడ ఆ రకం కాదు. చదువుకునే రోజుల్లో ఆవిడ కళ్ళారా చూసింది ఒకటుంది. క్లాసులో మొదట వచ్చే అమ్మాయి, కాన్పు తర్వాత రక్తస్రావానికి పదకొండు లక్షణాలు వరస తప్పకుండా పరీక్షకుడికి అప్పజెబుతోంది. ఆ పక్క మంచం మీదే బాలింతరాలు రక్తంలో తడిసిపోతోంది. దుప్పటి ఎత్తి చూసి కేక పెట్టింది నేల తుడవడానికి వచ్చిన ఆయా. ఆవేళే సలోమి అనుకుంది, ఈ బట్టీ చదువు పోవాలి అని. మెట్లకొల వచ్చినప్పుడు దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్ళలో ఆవిడే ముందుంది. వార్డుల్లో పొరపాట్లు సగానికి సగం తగ్గిపోయాయి కూడా. అది కాదనలేని సంగతి.

“ఒకప్పుడు మీ కాలేజీలో రెండు మార్కుల ప్రశ్న ఒకటుండేదంట కదా మేడం?” అన్నాడు కౌశిక్, టిఫిన్ డబ్బా మూత తీస్తూ. భోజనం గోడలోని చిన్న కిటికీలోంచి వస్తుంది.

“ఎవరు చెప్పారయ్యా?”

“మా అత్త మీ దగ్గరే చదివింది. ఆ ప్రశ్నంటే వణికిపోయేదాన్నని చెప్పింది.”

సలోమి నవ్వింది. నిడదవోలులో ఆవిడ చదివిన, తర్వాత ముప్పై ఏళ్ళు చదువు చెప్పిన నర్సింగ్ కాలేజీలో ఒక ఆనవాయితీ ఉండేది. మొట్టమొదటి మేట్రను రాహేలమ్మ పెట్టిందట. ప్రాక్టికల్ పరీక్షలో రోగికి చెయ్యాల్సినవన్నీ చేశాక పరీక్షకురాలు విద్యార్థినిని వరండాలోకి తీసుకెళ్ళేది. మందుల గురించి కాదు, జబ్బు గురించి కాదు, ఒక్కటే అడిగేది. ‘ఆ మనిషి నీతో చివర అన్న మాటేంటి? అన్నది అన్నట్టే చెప్పు.’ దానికి రెండు మార్కులు. ‘కాళ్ళు లాగుతున్నాయి అన్నారండి’ అంటే ఒకటే మార్కు. ‘నా కాళ్ళు నావి కానట్టున్నాయే పిల్లా, అన్నారండి’ అంటే రెండూ. ఆ రెండు మార్కుల కోసం ఆడపిల్లలు రోగుల మాటల్ని నోట్లో పెట్టుకుని నమిలేవాళ్ళు. రోగి మాట్లాడుతుంటే చేతిలో పని ఆపి వినేవాళ్ళు.

“మరి ఎందుకు తీసేశారండి?”

“మొదటి మెట్టు కదా. నేనే తీసేశాను,” అంది సలోమి.

అది నిజం. చట్టం వచ్చిన ఏడాది కాలేజీ ప్రశ్నలన్నిటినీ మెట్లకొలకి చూపించే పని ఆవిడదే. యంత్రం ఆ ప్రశ్నని ఎర్రగా చూపించి, ఒక గడి ముందు పెట్టింది. ‘ఈ ప్రశ్న ఏ సామర్థ్యాన్ని కొలుస్తుంది? ఎవరికి అవసరం?’ గడి నింపితే మినహాయింపు దొరికే వీలుంది. సలోమి చాలాసేపు ఆలోచించింది. రాహేలమ్మ కారణం ఎక్కడా రాసిపెట్టలేదు. తెలిసినవాళ్ళెవరూ మిగల్లేదు. చివరికి ‘ఆనవాయితీ’ అని రాసింది. యంత్రం ఒప్పుకోలేదు. ఆవిడా పెద్దగా బాధపడలేదు.

రెండూ నలభైకి గది బయట గాజుకిటికీ దగ్గర అటెండరు సత్తిబాబు కనిపించాడు. చేతిలో పలక. దాని మీద ఆసుపత్రి నుంచి వచ్చిన కబురు ఉన్నదున్నట్టు రాసి చూపించాడు.

‘జోయల్ గారి విషయమై మీతో మాట్లాడవలసి ఉంది. వీలు చూసుకుని రాగలరు.’

జోయల్ ఆవిడ భర్త. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూసే ఉద్యోగం చేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు. ‘నేను నీళ్ళ కొల చూసేవాణ్ణి, నువ్వు ప్రశ్నల కొల చూసేదానివి, ఇద్దరం కలిసి ఒక్క గ్లాసు టీ కూడా సరిగ్గా కొలిచి పెట్టలేం’ అని ఎగతాళి చేసేవాడు. గుండె కవాటం వదులైందని రెండ్రోజుల కిందట ఆసుపత్రిలో చేర్చారు. రేపు పొద్దున చిన్న శస్త్రచికిత్స. భయపడాల్సిందేమీ లేదని డాక్టర్లన్నారు. ఆసుపత్రి ఇక్కడికి పావుగంట దూరం.

సలోమి పలక వైపు చూసింది. ‘వీలు చూసుకుని’. ప్రమాదమైతే ‘వెంటనే’ అంటారు. సంతకాలేవో కావాలేమో, మత్తుమందు గురించి అడగాలేమో. ఇటు చూస్తే పద్నాలుగు వందలమంది పిల్లలు వచ్చే సోమవారం ఈ పరీక్ష కోసం ఎదురు చూస్తున్నారు. లేచి వెళ్ళిపోతే వాళ్ళ ఏడాది మూడు నెలలు వెనక్కి పోతుంది. ఇంకో గంటా ఇరవై నిమిషాలు, అంతేగా. ఇది ఐదో మెట్టు ప్రశ్న. ఆవిడ రెండు వైపులా జాగ్రత్తగా తూచింది. తప్పు తూచింది.

“వెళ్ళాలా మేడం?” అన్నాడు కౌశిక్ గాభరాగా.

“వీలు చూసుకునే రమ్మన్నారుగా. కానియ్యి.”

ఆసుపత్రుల కబుర్లు రాసేది మనుషులు కారనీ, ఇంట్లోవాళ్ళకి ఆందోళన కలిగించకూడదని కట్టిన యంత్రమనీ, ‘వెంటనే’ అన్న మాట దానికి నిషేధమనీ ఆవిడకి తర్వాత తెలిసింది.

నాలుగుకి తలుపు తెరుచుకుంది. జోయల్ మూడూ ముప్పై అయిదుకి చనిపోయాడు.

* * *

ఆసుపత్రి రెండో అంతస్తు వరండాలో నైనిక నిలబడి ఉంది. సలోమి చేతికింద చదివిన పిల్లే. రెండు మార్కుల ప్రశ్న తీసేశాక వచ్చిన మొదటి బ్యాచిలో బంగారు పతకం తెచ్చుకుంది. జోయల్‌ని చేర్చిన రోజు ఈ పిల్లని వార్డులో చూసి సలోమికి కొండంత ధైర్యం వచ్చింది. ‘ఇంక నాకు దిగుల్లేదండి, నా నైనిక ఉంది’ అని భర్తతో అంది కూడా.

అప్పటికి ఆవిడ లోపలికి వెళ్ళి జోయల్‌ని చూసి వచ్చింది. ముఖం మీద చెయ్యి వేసింది. ఇంకా వెచ్చగానే ఉంది. ఏడుపు మాత్రం రాలేదు. అది ఎక్కడో దారిలో ఉంది.

నైనిక జరిగిందంతా చెప్పింది. రెండూ ఇరవైకి ఆయన ఊపిరిలో తేడా డాక్టరు కన్నా ముందు తనే పట్టుకుంది. గుండె లయ తప్పుతోందని గ్రహించి, ఏ మందు ముందు ఇవ్వాలో, ఏది ఇస్తే కవాటానికి భారమవుతుందో నిమిషంలో తేల్చింది. డాక్టర్లు వచ్చారు. మధ్యలో కాస్త తేరుకున్నాడు కూడా. మూడూ ఇరవైకి మళ్ళీ లయ తప్పింది. ఈసారి అందలేదు. ఆ పిల్ల చెప్పిన ప్రతి అడుగూ సరైనదే. సలోమి పరీక్షకురాలైతే పూర్తి మార్కులు వేసేది.

“మధ్యలో తేరుకున్నారన్నావు. మాట్లాడారా?”

“మాట్లాడారండి. మూడూ పన్నెండుకి. అప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను.”

“ఏమన్నారమ్మా?”

“మీ గురించే మేడం.”

“నా గురించి ఏమన్నారు?”

నైనిక చేతిపలక వైపు చూసింది. “ప్రశాంతంగా ఉన్నారండి. భయం లేదు. మనిషి పూర్తిగా తెలివిలోనే ఉన్నారు. మిమ్మల్ని తలుచుకున్నారు. అందుకే మత్తు ఇవ్వక్కర్లేదని నిర్ణయించాను. ఆలకిని కూడా అదే తేల్చిందండి.”

ఆలకిని ప్రతి గదిలోనూ మంచం తలవైపు గోడలో ఉంటుంది. రోగి మాటలు విని, అందులో నొప్పి ఎంత, భయం ఎంత, అయోమయం ఎంత అని తేల్చి నర్సుకి చూపిస్తుంది. రోగి మాటలు దాచిపెట్టడం చట్టరీత్యా నేరం. వాళ్ళ ఏకాంతం వాళ్ళది. అందుకని తేల్చిన మరుక్షణం ఆ మాటల్ని చెరిపేస్తుంది. నైనిక చేతిపలక మీద ఆ వరస ఇంకా ఉంది. ‘3.12. భయం లేదు. మనసు నిలకడ. విషయం: భార్య.’

“అవన్నీ నువ్వు తేల్చుకున్నవి తల్లీ. నేను ఆయన అన్నది అడుగుతున్నాను,” అంది సలోమి. “అన్నది అన్నట్టే చెప్పు.”

నోట్లోంచి మాట బయటికి వచ్చాక ఆవిడ ఉలిక్కిపడింది. తొమ్మిదేళ్ళుగా ఆ వాక్యం ఆవిడ పలకలేదు. ఇద్దరూ వరండాలోనే నిలబడి ఉన్నారు. బయట వాన పడుతోంది.

నైనిక కళ్ళు పైకెత్తి వెతుక్కుంది. చెయ్యి అలవాటుగా చెవి దగ్గరికి వెళ్ళింది. గుర్తుపూసకి లోకంలోని మందులన్నీ తెలుసు. దానికి తెలియనిది ఇదొక్కటే. 

“గుర్తు లేదు మేడం.”

“ఒక్క ముక్కైనా?”

“ఆయన మాట్లాడుతుండగానే, ఇది భయమా, నొప్పా, అయోమయమా అని విడదీసుకున్నానండి. మూడూ కావని తేలింది. తేలిపోయాక...” ఆ పిల్ల చెవి దగ్గర్నుంచి చెయ్యి దించేసింది. “తేలిపోయాక ఇంక ఆ మాటతో పని లేదనిపించింది మేడం. వదిలేశాను.”

సలోమి గోడకి ఆనుకుంది.

“మంచినీళ్ళు తాగారా?”

“నలభై మిల్లీలీటర్లండి. రికార్డులో ఉంది.”

“అడిగి తాగారా, నువ్వే పట్టావా?”

“తెలీదండి.”

“కిటికీ తీసుందా? ఆయనకి వాన చూడ్డం ఇష్టం.”

“గుర్తు లేదు మేడం.”

“నవ్వారా?”

నైనిక పలక చూసింది. “ముఖంలో మార్పేమీ లేదని ఉందండి.”

ఆ చివరి ప్రశ్న సలోమి ఊరికే అడగలేదు. ఆవేళ పొద్దున ఎనిమిదింటికి ఆవిడ ఆసుపత్రి గదిలోంచి పరీక్షాభవనానికి బయల్దేరుతుంటే జోయల్ కిటికీలోంచి చూస్తూ తనలో తనే నవ్వుకుంటున్నాడు. భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

‘ఏంటండీ ఆ నవ్వు?’

‘అబ్బే, ఏం లేదు.’

‘చెప్తేగానీ వెళ్ళను.’

‘నువ్వెళ్ళకపోతే పరీక్ష ఆగిపోద్ది. పెద్ద కథ, ఇప్పుడు తేలదు. సాయంత్రం చెప్తాలే,’ అన్నాడు. ఆవిడ గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచాడు. ‘గొడుగు పట్టుకెళ్ళు, పంతులమ్మా.’

ముప్పై నాలుగేళ్ళు కలిసి బతికిన మనిషి ఎందుకు నవ్వాడో తెలియాలి. పెద్ద కోరికేమీ కాదు. మూడూ పన్నెండుకి తనని తలుచుకున్నాడంటే, బహుశా ఆ కథే చెప్పి ఉంటాడు. ‘మా పంతులమ్మకి ఇది చెప్పండి’ అని ఉంటాడు. లేకపోతే ‘ఇంకా రాలేదేంటి’ అన్నాడేమో.  ఏదైనా సరే, ఆ మాట ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. యంత్రం చెరిపేసింది, మనిషి వదిలేసింది.

నైనిక మీద అరవాలనిపించింది. అరవడానికి ఆధారం దొరకలేదు. ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. మాటని విడదీసి, తూచి, నిర్ణయం తీసుకుంది. మూడు మెట్లు గబగబా ఎక్కింది. కింద మెట్టు మీద ఏం వదిలిపెట్టిందో చూసుకోమని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి సలోమే.

మనిషి పోయిన ఇంటివాళ్ళు విశ్లేషణలు అడగరు. ఎన్నింటికి పోయాడు, ఏమన్నాడు, నీళ్ళు తాగాడా, ఎవరి పేరైనా తలిచాడా, అని అడుగుతారు. అన్నీ మొదటి మెట్టు ప్రశ్నలే. దుఃఖంలో ఉన్న మనిషి దానికి పైన ఎక్కలేడు. రాహేలమ్మ ఆ రెండు మార్కులు ఎందుకు పెట్టిందో సలోమికి ఆ వరండాలో అర్థమైంది. ఆ గడిలో ఏం రాయాలో తొమ్మిదేళ్ళు ఆలస్యంగా తెలిసింది.

“నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా. నేను నేర్పినట్టే చేశావు,” అంది. ఆ మాట ఓదార్పుగా అందో నిందగా అందో ఆవిడకే తెలియదు. అప్పుడు వచ్చింది ఏడుపు.

* * *

మూడో రోజు ఇంట్లో ఆదరణ కూడిక జరిగింది. పాటలు పాడారు, ప్రార్థన చేశారు, పాస్టరుగారు జోయల్ మంచితనం గురించి చెప్పారు. వచ్చినవాళ్ళందరూ సలోమిని అదే అడిగారు. ‘చివర్లో ఏమైనా అన్నారా?’ అడిగిన ప్రతివాళ్ళకీ ఆవిడ ‘నేను అప్పటికి అందలేదండి’ అని చెప్పింది. పదకొండోసారి చెప్పాక లోపలికెళ్ళి కాసేపు తలుపేసుకుంది.

మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక గేటు చప్పుడైంది. నైనిక వచ్చింది. వానలో సగం తడిసింది. కళ్ళకింద నలుపు చూస్తే మూడు రోజులుగా నిద్ర పోలేదని తెలుస్తోంది.

“కూర్చో అమ్మా. బస్సులో వచ్చావా?”

కూర్చోలేదు. రెండు చేతులూ ముడుచుకుని నిలబడింది.

“మేడం, గుర్తొచ్చిందండి.”

సలోమి కుర్చీ చెయ్యి పట్టుకుంది.

“‘సలోమితో చెప్పండి, నాకేం భయం లేదు, మనసు నిమ్మళంగా ఉంది, తనని తలుచుకుంటున్నాను’ అన్నారండి.” అప్పజెప్పినట్టు గబగబా చెప్పేసి ఊపిరి పీల్చుకుంది. “ఆ మాటలేనండి. అన్నది అన్నట్టే.”

 ముప్పై ఏళ్ళలో సలోమి కొన్ని వేల జవాబులు విన్నది. గుర్తున్న జవాబు ఎలా ఉంటుందో, కట్టిన జవాబు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. గుర్తున్నదానికి ఎక్కడో ఒకచోట ఎగుడుదిగుడు ఉంటుంది, అక్కర్లేని మాటొకటి అడ్డం పడుతుంది. ఇది సాపుగా ఉంది. భయం లేదు. మనసు నిలకడ. విషయం: భార్య. పలక మీదున్న మూడు ముక్కలూ అదే వరసలో ఉన్నాయి. వాటికి జోయల్ గొంతు తొడిగి తెచ్చింది ఈ పిల్ల. తెలిసిన ముక్కల్లోంచి అంతవరకూ లేనిదాన్ని కట్టింది. మెట్లకొల ముందు పెడితే ఆరో మెట్టని పచ్చగా వెలుగుతుంది.

పైగా ముప్పై నాలుగేళ్ళలో జోయల్ ఏనాడూ ఆవిడని పేరు పెట్టి పిలవలేదు. పెళ్ళైన మొదటి వారం నుంచీ పంతులమ్మే.

“అలాగే అన్నారా అమ్మా?” అంది మెల్లగా.

“అలాగే అన్నారండి,” అంది నైనిక. నేల వైపు చూస్తోంది. కాలి బొటనవేలు చాప అంచుని గీకుతోంది.

సలోమి ఆ పిల్లని చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళు. తన చేతుల్లో ఒక మనిషి పోయాడు, ఆ మనిషి భార్య అడిగిన ఒక్కటీ ఇవ్వలేకపోయింది. మూడు రాత్రులు ఆ మాట కోసం వెతికి, దొరక్క, చివరికి తనకొచ్చిన విద్యతోనే ఒకటి తయారుచేసుకుని రెండు బస్సులు మారి తెచ్చింది. అబద్ధమని చెప్పడం ఎంతసేపు? చెప్తే ఈ పిల్ల ఇంక ఏ మంచం దగ్గరా నిలబడలేదు.

“బాగా గుర్తుపెట్టుకున్నావు తల్లీ,” అంది సలోమి. “నా మనసు కుదుటపడింది.”

నైనిక భోరుమని ఏడ్చింది. సలోమి దగ్గరికి తీసుకుంది. ఒకరి అబద్ధాన్ని ఒకరు పట్టుకుని ఇద్దరూ కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత సలోమి ఆ పిల్లకి అన్నం పెట్టింది, దగ్గరుండి తినిపించింది.

“ఒక్క పని చెయ్యమ్మా,” అంది, చేతులు కడుక్కుంటున్న నైనికతో. “రేపట్నుంచి వార్డులో ఎవరేమన్నా, అన్నది అన్నట్టే ఒక్క వాక్యం నీలో ఉంచుకో. దేనికీ పనికిరాదనిపించినా సరే. ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.”

నైనిక ఆవిడ కళ్ళలోకి చూసింది. తెలిసిపోయిందని ఆ పిల్లకి తెలిసింది. తల మాత్రం ఊపింది.

గేటు దగ్గరికి వెళ్ళేసరికి వాన మళ్ళీ అందుకుంది. సలోమి లోపలికి వెళ్ళి, తలుపు మూల ఉన్న జోయల్ నల్ల గొడుగు తెచ్చింది.

“గొడుగు పట్టుకెళ్ళమ్మా.”

“వద్దండి మేడం, సార్‌ది...”

“పట్టుకెళ్ళు.”

ఆ పిల్ల గొడుగు తెరుచుకుని వీధి మలుపు తిరిగేదాకా సలోమి వరండాలో నిలబడి చూసింది. తర్వాత లోపలికి వచ్చి బల్ల ముందు కూర్చుంది. మినహాయింపు కోరే దరఖాస్తు తెరిచింది. ‘ఈ ప్రశ్న ఏ సామర్థ్యాన్ని కొలుస్తుంది? ఎవరికి అవసరం?’ గడి ఖాళీగా ఉంది. ‘నాకు’ అని రాసింది. కాసేపు చూసింది. యంత్రం ఒప్పుకోదని తెలుసు. అయినా చెరపలేదు, పంపించింది.

ఇంట్లో ఎవరూ లేరు. ఎన్నో ఏళ్ళు ఎంతోమంది పిల్లల్ని అడిగినట్టు తనని తనే ప్రశ్నించుకుంది. ఆ మనిషి నీతో చివర అన్న మాటేంటి? అన్నది అన్నట్టే చెప్పు.

“గొడుగు పట్టుకెళ్ళు, పంతులమ్మా,” అంది పైకి, ఆయన సాగదీసినట్టే చివర సాగదీసి.

రెండు మార్కులూ వచ్చాయి. దానికి ముందు మాట కూడా ఆవిడకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. సాయంత్రం చెప్తాలే అన్నాడు. బయట సాయంత్రం అవుతోంది.